తాతగారింటి సామాను హాలు మూలలో అమరాలంటే

అడిగింది క్లుప్తంగా ఇది. గోదావరి వైపు పల్లెలో తాతగారి పెంకుటిల్లు విప్పేశారు. హైదరాబాదు ఫ్లాటుకి చేరిన సామాను: నాలుగడుగుల టేకు భోషాణం, గుడ్డ పడక కుర్చీ, పేము అల్లిన చేతుల కుర్చీ, ఇత్తడి గంగాళం, రెండు దీపపు సెమ్మెలు, కీ ఇచ్చే గోడ గడియారం, నాలుగు ఊరగాయ జాడీలు, ఐదు నలుపు తెలుపు ఫోటోలు, రవివర్మ లక్ష్మీదేవి పటం, లాంతరు, బిద్రీ పాన్‌దాన్ (వెండి పొదిగిన నల్ల లోహపు తాంబూలం పెట్టె), రెండు కొండపల్లి బొమ్మలు. హాల్లో ఖాళీ మూల ఒకవైపు ఏడడుగులు, ఇంకోవైపు ఆరడుగులు. ఏడడుగుల గోడ వెనక పడగ్గది ఉంది, ఆరడుగుల గోడ బయటిది. అన్నీ అక్కడే పట్టాలి, హాయిగా కూర్చునేలా ఉండాలి. అమెరికాలో ఉన్న అక్కగారు ఒక సెమ్మె అడుగుతున్నారు, పంపొచ్చా అన్నది చివరి ప్రశ్న.

అన్నీ పట్టవు. పట్టించినా పాత సామాన్ల కొట్టులా ఉంటుంది తప్ప కూర్చోబుద్ధి కాదు. ఆ మూలకి భోషాణం, ఒక కుర్చీ, ఒక సెమ్మె, ఒక జాడీ, గడియారం, గోడమీద రెండు మూడు పటాలు చాలు. మిగతావి భోషాణంలో పెట్టి ఏడాదికోసారి మార్చుకోండి. ముందు కుర్చీ ఎక్కడ వేస్తారో తేల్చుకుంటే మిగతావన్నీ దాన్ని బట్టి సర్దుకుంటాయి. ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ల కంటికి ఏది కనబడాలి, చేతికి ఏది అందాలి అన్నదే కొలత. గుమ్మంలోంచి చూసేవాళ్ల కోసం సర్దితే రెండు నెలల తర్వాత అక్కడ ఎవరూ కూర్చోరు.

అయితే సర్దడం రెండో పని. మొదటి పని, చెక్క సామాను నెల రోజులు విడిగా పెట్టడం. పెంకుటింటి నుంచి వచ్చిన చెక్కలో పురుగు ఉండే అవకాశం ఎక్కువ. అది నేరుగా హాల్లోకి వస్తే మీ ప్లైవుడ్ అలమరలకీ తలుపు చట్రాలకీ పాకుతుంది. బాల్కనీలోనో యుటిలిటీలోనో నీడలో, కింద నల్ల కాగితం పరిచి, నాలుగు కాళ్ల కింద ఇటుకలు పెట్టి ఉంచండి. మే నెల ఎండలో మాత్రం పెట్టొద్దు. పురుగు చావదు సరికదా, పలకలు బీటలిచ్చి కీళ్లు వదులవుతాయి.

ఆ నెలలో చూడాల్సినవి రెండు. మట్టి గొట్టాలు, మట్టి పొర కనబడితే అది చెద. చెద సామానుతో పాటు రావడం తక్కువ, నేలలోంచి వస్తుంది కాబట్టి పాత ఇంట్లో తిన్న గుర్తే మిగిలి ఉండొచ్చు. స్క్రూడ్రైవర్ పిడితో చెక్కంతా తట్టుకుంటూ పోండి, డొల్లగా పలికిన చోట లోపల తినేసిందని అర్థం. రెండోది పుచ్చు పురుగు. గుండుసూది తలంత గుండ్రటి రంధ్రాలుంటాయి, వాటి కింద నల్ల కాగితం మీద పిండిలాంటి మెత్తటి పొడి రాలుతుంది. రంధ్రాలు మాత్రమే ఉంటే పాత గాయం అనుకోవచ్చు, కొత్తగా పొడి రాలుతుంటే పురుగు బతికే ఉంది. టేకు చేవని పురుగు సాధారణంగా ముట్టదు. అంచుల్లో ఉండే తెల్లచెక్కనీ, వెనక పలకలకీ అడుగుకీ వాడిన మామిడి లాంటి చౌక చెక్కనీ తింటుంది. అందుకే పైనుంచి చూస్తే నిగనిగలాడే భోషాణం అడుగున పొడిపొడిగా ఉంటుంది. తిరగేసి చూడకుండా నిర్ణయానికి రావద్దు.

పొడి రాలుతుంటే నీళ్లలో కలిపే మందు కాకుండా, చమురు రూపంలో దొరికే చెక్క మందు వాడాలి. టెర్మినేటర్ పేరుతో హార్డ్‌వేర్ షాపుల్లో దొరికేది అలాంటిదే. సన్న సూది ఉన్న సిరంజితో ప్రతి రంధ్రంలోకీ అర మిల్లీలీటరో ఒకటో, పక్క రంధ్రంలోంచి పైకి వచ్చేదాకా ఎక్కించాలి. తర్వాత అడుగు పలకకీ లోపలి గోడలకీ, అంటే పాలిష్ లేని చెక్కకి, బ్రష్‌తో రెండు పూతలు వేయాలి. పాలిష్ మీద పడితే వెంటనే తుడిచెయ్యాలి. చేతికి తొడుగులు, ముక్కుకి మాస్కు, పిల్లలు దూరంగా. రెండు వారాల తర్వాత ఇంకోసారి చెయ్యాలి, ఎందుకంటే మందు గుడ్ల దాకా చేరకపోవచ్చు. ఆ తర్వాత రంధ్రాలని చెక్క రంగు కలిపిన మైనంతో మూసెయ్యండి. మూసింది అందం కోసం మాత్రమే కాదు, రేపు కొత్త రంధ్రం పడితే ఇట్టే తెలుస్తుంది.

వేపాకు, కర్పూరం పెడితే బట్టల వాసన పోతుంది, చెక్క లోపలి పురుగుకి ఏమీ కాదు. ధాన్యంలో వేసే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు పెట్టెలో పడేసి మూత పెట్టమని ఎవరైనా సలహా ఇస్తే మాత్రం వినొద్దు. తేమ తగిలితే ఆ బిళ్ల ఫాస్ఫీన్ వాయువు వదులుతుంది, మూసి ఉన్న ఫ్లాటులో అది ప్రాణాలు తీస్తుంది.

సామాను విడిగా ఉన్న నెలలోనే గోడ సంగతి చూడండి. అడుగు చదరం ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు పక్కలా టేపుతో గోడకి అంటించి రెండు రోజులు ఉంచండి. కాగితం వెనక, గోడవైపు చెమ్మ పడితే తేమ గోడలోంచి వస్తోంది. ముందు వైపు పడితే గదిలో గాలిది. గోడలోంచి వస్తుంటే ముందు అది బాగు చేయించాలి, లేకపోతే ఎంత పాలిష్ పెట్టినా భోషాణం వెనక బూజు ఆగదు. భోషాణం పడగ్గది వైపు లోగోడకి వెయ్యండి. బయటి గోడ వానకి నానుతుంది, ఎండకి కాగుతుంది. దేనికైనా వెనక రెండంగుళాల జాగా, కాళ్ల కింద అరంగుళం రబ్బరు దిమ్మలు ఉండాలి. తడిగుడ్డ పెట్టినప్పుడల్లా నీళ్లు కాళ్ల మొదళ్లలోకి పీల్చుకోకుండా ఆ రబ్బరే కాపాడుతుంది. ఏసీ గాలి నేరుగా తగిలే చోటు కూడా మంచిది కాదు. గోదావరి తేమలో అరవై డెబ్భై ఏళ్లు ఉన్న పలక ఒక్కసారిగా పొడిగాలికి ముడుచుకుని నిలువునా బీటలిస్తుంది. బీట పడితే వెంటనే లప్పం కూరొద్దు. ఒక వానాకాలం, ఒక వేసవి గడిచాక ఎంత మిగిలిందో చూసి, అదే జాతి చెక్క సన్న చీలిక కొట్టించండి.

భోషాణం బరువుకి స్లాబు ఆగుతుందా అని చాలామంది భయపడతారు. ఇళ్ల స్లాబులు చదరపు మీటరుకి 200 కిలోల వాడకపు బరువు లెక్కన కడతారు. దుప్పట్లు, బొమ్మల కొలువు బొమ్మలు పెట్టుకుంటే ఏ ఇబ్బందీ లేదు. ఇత్తడి బిందెలు, పుస్తకాలు కుక్కి, పక్కనే రాతి రోలు కూడా దించాలనుకుంటేనే ఆలోచించాలి.

ఇక కొలతలు. మామూలుగా నాలుగడుగుల భోషాణం లోతు 24 అంగుళాలు, ఎత్తు 30 అంగుళాలు ఉంటుంది. మీది కొలిచి, తేడా ఉంటే ఈ లెక్క సర్దుకోండి. ఏడడుగుల గోడకి, మూల నుంచి 14 అంగుళాలు వదిలి భోషాణం వెయ్యండి. ఆ 14 అంగుళాల సందులో సెమ్మె నిలబడుతుంది. కుర్చీ వీపు ఆరడుగుల గోడవైపు, గోడకి ఎనిమిదంగుళాల దూరంలో, కొంచెం హాలు మధ్యకి తిరిగి ఉండాలి. భోషాణం ముందు అంచుకీ కుర్చీ చేతికీ మధ్య 14 అంగుళాలు. లెక్క చూడండి: గోడ దగ్గర 2, భోషాణం 24, సందు 14, కుర్చీ వెడల్పు 26, మొత్తం 66. మీకున్నది 72. అంటే కుర్చీ ఒక్కటే పడుతుంది. పేము కుర్చీ, పడక కుర్చీ రెండూ వేసి ఎదురెదురుగా కబుర్లాడుకుందామంటే ఈ మూలలో కుదరదు. పేముదో గుడ్డదో ఒకటి ఎంచుకోండి. రోజూ కూర్చునేది ముసలివాళ్లైతే పేము చేతుల కుర్చీయే నయం. పడక కుర్చీలోంచి లేవడం మోకాళ్లకి పరీక్ష.

భోషాణం మూత పైకి తెరుచుకుంటుందన్న సంగతి అలంకరణ మొదలుపెట్టగానే అందరూ మరిచిపోతారు. దాని మీద ఎనిమిది వస్తువులు పేరిస్తే అది ఇంక తెరవరు, లోపల ఏముందో ఇంట్లోవాళ్లకే గుర్తుండదు. పైన రెండే వస్తువులు, అవి కూడా రెండు చేతులతో ఒక్కసారి దించగలిగేవి పెట్టండి. ఇంకో లెక్క: 24 అంగుళాల మూత నిలువుగా లేస్తే దాని అంచు నేల నుంచి 54 అంగుళాల ఎత్తుకి వెళ్తుంది, వెనక్కి వాలితే గోడకి తగులుతుంది. అందుకని భోషాణం పైన గోడకి పటం కొడితే దాని కింది అంచు 57 అంగుళాల పైనే ఉండాలి. పుస్తకాల్లో చూపించినట్టు భోషాణానికి ఆరంగుళాల పైన కొడితే మొదటిసారి మూత తెరిచినప్పుడే అద్దం పగులుతుంది.

మూత బరువు కూడా చిన్నది కాదు. రెండు పక్కలా లోపల ఇత్తడి గొలుసులు వేయించండి, మూత నిలువు దాటి కాస్త వెనక్కి వాలి నిలిచేలా. ఇంట్లో చిన్నపిల్లలుంటే గొళ్లెం తీయించెయ్యండి. దాగుడుమూతల్లో పెట్టెలో దూరి, గొళ్లెం పడి ఊపిరాడక పిల్లలు పోయిన ప్రమాదాలు ఉన్నాయి. తీసిన గొళ్లెం, పాత తాళం ఒక కవరులో వేసి లోపల దాచండి. సామానుతో పాటు అవీ ఉండాలి.

భోషాణం 30 అంగుళాలు ఎత్తు కదా, పడక కుర్చీలో వాలి కూర్చున్నవాళ్లకి కాఫీ గ్లాసు దాని మీద అందదు. ఊరగాయ జాడీల్లో పెద్దదాన్ని ఇక్కడ వాడుకోవచ్చు. 15, 16 అంగుళాల ఎత్తున్న జాడీని మూడో వంతు దాకా పొడి ఇసకతో నింపండి, లేకపోతే మోచెయ్యి తగిలితే దొర్లిపోతుంది. దాని మీద 12 అంగుళాల గుండ్రటి టేకు పలక, పలక అడుగున జాడీ మూతిలో సరిగ్గా కూర్చునే చిన్న చెక్క చట్రం. చట్రం లేకుండా పలక ఊరికే పెడితే ఒక అంచున గ్లాసు పెట్టగానే పైకి లేస్తుంది. ఈ బల్ల 14 అంగుళాల సందులో సరిపోతుంది, భోషాణం తెరవాలంటే తీసి పక్కన పెట్టొచ్చు. మిగతా మూడు జాడీలూ వంటింట్లో పెట్టుకుని వాడుకోండి, గీతలు పడ్డవి ఉంటే అవి ఊరగాయకి పనికిరావు, గరిటెలు పెట్టుకోవచ్చు.

చెక్క మీద పాలిష్ గురించి. వడ్రంగి వచ్చి చూడగానే "మొత్తం గీకేసి కొత్తగా మెలమైన్ కొట్టేద్దాం సార్" అంటాడు. మెలమైన్ అంటే గట్టిగా మెరిసే రసాయన పాలిష్. వద్దనండి. మెషీన్‌తో గీకితే అంచులు గుండ్రం అవుతాయి, చేతులు తగిలి తగిలి వచ్చిన ఆ నల్లటి నునుపు పోతుంది, మిగిలేది కొత్త భోషాణం. అది షోరూములో కూడా దొరుకుతుంది. ముందు కనబడని చోట ఒక్క చుక్క స్పిరిట్ వేసి నిమిషం ఆగి వేలితో ముట్టుకోండి. జిగురుగా అంటితే అది పాత లక్క పాలిష్, దాన్ని గీకాల్సిన పనే లేదు. గోరువెచ్చటి నీళ్లలో కాస్త సబ్బు కలిపి, గుడ్డ గట్టిగా పిండి మట్టి తుడవండి. ఆరాక 120 నుంచి 150 గ్రాముల లక్క రేకులు లీటరు స్పిరిట్‌లో ఒక రోజు నానబెట్టి, మధ్యమధ్య కదిపి, పల్చటి గుడ్డలో వడకట్టి, దూదిని నూలుగుడ్డలో చుట్టిన ఉండతో పల్చగా నాలుగైదు పూతలు వేయించండి. ఒకసారి పోయిన చోటికే వెంటనే మళ్లీ పోకూడదు, కింది పూత కరిగి లేస్తుంది. వానపడే రోజున వేస్తే గాల్లో తేమకి పాలిష్ తెల్లగా పొగలా మారుతుంది. హైదరాబాదులో అయితే దసరా తర్వాతే ఈ పని పెట్టుకోవడం మంచిది. లక్క పాలిష్‌కి వేడి, స్పిరిట్ రెండూ పడవు. వేడి గ్లాసు పెడితే తెల్లటి వలయం పడుతుంది. అందుకే కాఫీకి జాడీ బల్ల, దాని పలకకి మాత్రం మెలమైనే వేయించుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

ఆ తర్వాత నిగారింపు నిలవడానికి మైనం చాలు. 100 గ్రాముల తేనెమైనాన్ని వేడినీళ్ల గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి కరిగించి, పొయ్యి ఆర్పేసి, వంటింటికి దూరంగా తెచ్చి 250 మిల్లీలీటర్ల టర్పెంటైన్ కలపండి. చల్లారితే వెన్నలా అవుతుంది. ఏడాదికి రెండుసార్లు పల్చగా రాసి, పావుగంట తర్వాత పొడిగుడ్డతో రుద్దాలి. అవిసె నూనె వాడేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి: ఆ నూనె తడిసిన గుడ్డలు ఉండచుట్టి చెత్తబుట్టలో పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. విప్పి తీగమీద ఆరేసి, గట్టిపడ్డాక పారేయాలి.

పేము అల్లిక కిందికి జారిపోయిందని అల్లిక మార్పించడానికి తొందరపడకండి. పేము తెగకపోతే, కుర్చీ తిరగేసి అల్లిక అడుగు వైపు వేడినీళ్లలో ముంచి పిండిన తువ్వాలు అరగంట పరిచి, తీసేసి, ఒక రాత్రి ఎవరినీ కూర్చోనివ్వకుండా గాలికి ఆరనివ్వండి. ఆరేకొద్దీ బిగుస్తుంది. అడుగు వైపే ఎందుకంటే పైన మెరిసే పొర నీళ్లు పీల్చదు. పడక కుర్చీ గుడ్డ అయితే మార్చాల్సిందే. పాత గుడ్డ ఎప్పుడూ కర్ర దూరే మడత దగ్గరే చిరుగుతుంది, పైకి బాగానే కనబడుతూ మనిషి కూర్చోగానే పోతుంది. పాత గుడ్డనే కొలతగా పెట్టి, టెంట్లకి వాడే మందపాటి కాన్వాసు రెండు పొరలుగా కుట్టించండి. కర్ర దూరే గొట్టం దగ్గర మూడు వరసలు నైలాన్ దారంతో కుట్టాలి. మొదటి వారం గుడ్డ అంగుళం, అంగుళంన్నర సాగుతుంది, అది లెక్క వేసుకునే కుట్టించాలి. వాలు సరిచేసే కర్ర ఆగే గాడులు అరిగి ఉంటే ఆ కుర్చీలో కూర్చోవద్దు. ముందు గాడులు చేవ ముక్కతో కట్టించండి.

ఇత్తడికి వద్దాం. చాలా ఇళ్లలో చెడగొట్టేది ఇక్కడే. సెమ్మె మీద పేరుకున్నది చిలుము కాదు, నూనె జిడ్డు, మసి. దాని మీద చింతపండు రుద్దితే జిడ్డు కదలదు, ఇత్తడి అరుగుతుంది. ముందు వేడినీళ్లలో గుప్పెడు బట్టల సోడా వేసి గంట నానబెట్టి, వెదురు పుల్లతో సందుల్లో జిడ్డు తీయండి, తర్వాత కుంకుడు రసంతో కడగండి. ఇనుప పీచు ముట్టుకోవద్దు. ఇంత చేశాక సగం మందికి ఇంక తోమాలనిపించదు, తేనె రంగు బయటపడుతుంది. ఇంకా కావాలంటే చింతపండు పులుసు గుడ్డతో రాసి రెండు నిమిషాల్లో కడిగెయ్యండి, ఉప్పు మాత్రం కలపొద్దు. ఉప్పు సందుల్లో మిగిలితే కొన్నాళ్లకి అక్కడ లేత ఆకుపచ్చ పొడి పుట్టుకొస్తుంది, దాన్ని వదిలించుకోవడం కష్టం. కడిగాక నీళ్లలో చెంచా వంటసోడా కలిపి ఒకసారి ముంచి తీస్తే పులుపు విరుగుతుంది. వెంటనే పొడిగుడ్డ, తర్వాత హెయిర్ డ్రయ్యర్. ఇత్తడి అక్కడక్కడ గులాబీ రంగుకి తిరిగితే పులుపు ఎక్కువసేపు ఉంచారని అర్థం, జింకు కరిగిపోయి రాగి పైకి తేలింది. అది తనంతట తాను మళ్లీ పసుపు కాదు.

మెరుపు విషయంలో నా అభిప్రాయం: చెయ్యి తగిలే అంచులు, గుండ్రాలు మెరవాలి, చెక్కడం లోతులు నల్లగా ఉండాలి. అప్పుడే పని కనబడుతుంది. పీతాంబరి వేసి లోతుల దాకా తోమితే పూల డిజైను దూరం నుంచి సాదా రేకులా కనిపిస్తుంది. తోమాక పైన చెప్పిన మైనం పల్చగా రాస్తే ఆరు నెలలు నల్లబడదు. సెమ్మెలో దీపం వెలిగించేట్టయితే ప్రమిద భాగానికి మైనం గానీ లాకర్ (పారదర్శకమైన వార్నిష్) స్ప్రే గానీ వద్దు, వేడికి పొగ వస్తుంది, పసుపు పచ్చగా మాడుతుంది.

గంగాళంలో నీళ్లు పోసి పూలు వేస్తే బాగుంటుంది, కానీ బోరు నీళ్లు వారం ఉంటే గోడ చుట్టూ తెల్లటి గీత పడుతుంది, దోమలు గుడ్లు పెడతాయి. లోపల పట్టే ప్లాస్టిక్ బేసిను పెట్టి, రెండు రోజులకోసారి నీళ్లు మార్చండి. మొక్క పెట్టినా అంతే, ప్లాస్టిక్ కుండీ, దాని కింద పళ్లెం ఉండాలి. ఎరువు నీళ్లు తగిలితే ఇత్తడి అడుగు తినేస్తుంది. ఈ మూలకి గంగాళం పెద్దది, గుమ్మం దగ్గర నప్పుతుంది.

బిద్రీ పాన్‌దాన్ జోలికి పీతాంబరి, బ్రాసో, చింతపండు ఏదీ వెళ్లకూడదు. ఆ నలుపు మురికి కాదు. జింకు, రాగి కలిపిన లోహం మీద బీదరు కోట మట్టితో తెప్పించిన రంగు, దాని మీదే వెండి పొదుగు వెలుగుతుంది. తోమితే బూడిద రంగు ముద్ద మిగులుతుంది. మెత్తటి గుడ్డకి ఒక్క చుక్క కొబ్బరినూనె అద్ది తుడిస్తే చాలు. కొండపల్లి బొమ్మలకి తడిగుడ్డ కూడా వద్దు. తెల్లపొణికి కర్ర ముక్కలని చింతగింజల జిగురు, రంపపు పొడి కలిపిన మక్కుతో అతికిస్తారు, తడి తగిలితే అతుకు ఊడుతుంది. పెయింటు బ్రష్‌తో దులపండి, గాజు తలుపులో పెట్టండి.

గడియారం బయటి గోడకే వెయ్యండి. పడగ్గది గోడకి వేస్తే రాత్రి పన్నెండు గంటలూ తల దగ్గర కొట్టినట్టుంటుంది. ఐదారు కిలోల బరువుంటుంది. కొత్త ఫ్లాట్లలో తేలిక బూడిద ఇటుక గోడలైతే మామూలు ప్లగ్గు జారి వస్తుంది, ఆ ఇటుకకి వేరే ప్లగ్గులు దొరుకుతాయి, అవి అడిగి తీసుకోండి. గడియారం ఆగిపోతోందంటే పదింట ఏడెనిమిది సార్లు లోపల తప్పేమీ ఉండదు, వంకరగా వేలాడుతుంటుంది. రసమట్టం పెట్టి సరిచేసినా చాలదు, చెవి పెట్టి వినాలి. టిక్కుకీ టక్కుకీ మధ్య ఎడం సమానంగా ఉండాలి. కుంటుతున్నట్టు వినబడితే పెట్టె అడుగుని కుడికో ఎడమకో కొద్దికొద్దిగా జరిపి, సమం అయిన చోట గోడమీద పెన్సిలు గీత పెట్టుకోండి. రెండు రంధ్రాలున్న వాటిలో మామూలుగా కుడిది నడకకి, ఎడమది గంటలకి. గంటలు వద్దనుకుంటే ఎడమ కీ ఇవ్వకపోతే సరి. లోలకం గుండు పైకి జరిపితే గడియారం ముందుకు పోతుంది, కిందికి జరిపితే వెనకపడుతుంది. ముల్లుని వెనక్కి తిప్పొద్దు. కొబ్బరినూనె, కుట్టుమిషను నూనె పొయ్యొద్దు, కొన్నాళ్లకి బంకలా గట్టిపడి ఇరుసులు తినేస్తాయి. స్ప్రింగు డబ్బా మాత్రం ఇంట్లో విప్పొద్దు, బిగించిన స్ప్రింగు ఎగిరితే వేళ్లు తెగుతాయి.

లక్ష్మీదేవి పటాన్ని భోషాణం పైన, కాస్త ముందుకి వాలేలా కొట్టండి. పాత ఇళ్లలో పటాలు ఎత్తుగా, ముందుకి వంచి వేలాడదీసేది ఊరికే కాదు. కింద కూర్చున్నవాళ్లకి ముఖం కనబడుతుంది, అద్దంలో బల్బు మెరవదు. పై తీగ పొడుగు పెంచి, కొక్కేలు పటం పై అంచు నుంచి మూడో వంతు కిందికి పెడితే వాలు దానంతటదే వస్తుంది. ఆ పటం అసలుదా అన్న అనుమానం ఉంటే పది రెట్లు పెంచే భూతద్దంతో చూడండి. రవివర్మ ప్రెస్సు 1894లో బొంబాయిలో మొదలైంది. అప్పటి రాతి అచ్చులో చుక్కలు చేత్తో పెట్టినట్టు చిన్నా పెద్దా అస్తవ్యస్తంగా, రంగు మీద రంగుగా ఉంటాయి. ఒకే కొలతలో పూలరేకుల్లా వరసగా చుక్కలు కనబడితే ఇటీవలి ఆఫ్‌సెట్ అచ్చు. చీరకి చమ్కీలు, జరీ అతికించి ఉంటే తీసెయ్యొద్దు, ఆ రోజుల్లో ఇళ్లలో ఆడవాళ్లు చేసిన పని అది.

ఫోటోల్లో అద్దానికి అతుక్కుపోయినవి లాగి తీయొద్దు, బొమ్మ పొర అద్దంతోనే వచ్చేస్తుంది. అద్దం పైనుంచే స్కాన్ తీయించి, కాపీ కట్టించి గోడకి వెయ్యండి, అసలుది చీకట్లో దాచండి. బయటి గోడకి ఫోటో వేసేటప్పుడు వెనక కింది రెండు మూలల్లో సీసా బిరడా ముక్కలు అతికిస్తే గాలి ఆడుతుంది, వెండి పురుగు పట్టదు. హాల్లో కూర్చుని చూసేవి కాబట్టి బయటి గోడ ఫోటోల నడుమ భాగం నేల నుంచి 48, 50 అంగుళాల ఎత్తులో ఉంటే చాలు.

వెలుతురు 2700 కెల్విన్ పసుపు ఎల్‌ఈడీ, రంగులు సరిగ్గా చూపించే సూచిక 90 పైన ఉన్నది తీసుకోండి. తెల్ల ట్యూబులైటు కింద ఇత్తడి ఆకుపచ్చగా, టేకు బూడిదగా కనబడుతుంది, ఎన్ని వేలు పెట్టి సర్దినా వృథా. కుర్చీ భుజం వెనక నుంచి ఒక దీపం చదవడానికి, మూలలో సెమ్మె వెనక నేలమీద చిన్నది ఒకటి గోడకి కొడుతూ. లాంతరుకి బల్బు పెట్టించుకునేట్టయితే 3, 4 వాట్ల ఎల్‌ఈడీయే, మూడు తీగల వైరు, ఎర్త్ తీగ లాంతరు రేకుకి కలపాలి, వైరు దూరే రంధ్రానికి రబ్బరు వాషరు ఉండాలి. రేకు అంచు వైరు పొర కోసేస్తే లాంతరంతా షాకు కొడుతుంది. పాత హోల్డరు, గుడ్డ చుట్టిన వైరు అందంగా ఉందని అలాగే ఉంచొద్దు. నేలమీద వరంగల్ జంబుఖానా ఒకటి, ముదురు రంగుది. గోడ రంగు మెరుపులేని సున్నపు తెలుపు.

ఏదైనా కొత్తగా కొనాలనిపించి హైదరాబాదులో పాత సామాన్లు అమ్మే జుమ్మేరాత్ బజారుకో తమిళనాడులో కారైకుడికో వెళ్తే "నూటయాభై ఏళ్ల నాటిది" అన్న మాట పది కొట్లలో వింటారు. స్టారు తల స్క్రూ కనబడితే అది 1930ల తర్వాతిది, లేదా తర్వాత రిపేరైంది. సొరుగు అడుగున రంపం గీతలు గుండ్రంగా ఉంటే మిషను కోత, వంకరటింకర నిలువు గీతలైతే చేతి రంపం. అరుగుదల చెయ్యి, కాలు తగిలే చోటే ఉండాలి, నాలుగు అంచులూ ఒకేలా అరిగి ఉంటే గరుకు కాగితంతో చేసింది. పాత ఇత్తడి బిందె లోపల వేలితో తడిమితే రేకుని పళ్లుపళ్లుగా కోసి అతికిన గీత తగులుతుంది. ఏనుగు దంతం, జింక కొమ్ములు, పులిగోళ్లు ఉన్నవి ఎంత చవకైనా ముట్టుకోవద్దు, వన్యప్రాణి చట్టం కింద కేసవుతుంది.

అక్కగారి సెమ్మె సంగతి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన కళావస్తువులని దేశం బయటికి పంపడం నేరం, కుటుంబ ఆస్తి అయినా సరే. మీ సెమ్మె ఎప్పటిదో ఇంట్లో కచ్చితంగా తెలియకపోతే విమానాశ్రయంలో వాదించి లాభం లేదు. భారత పురావస్తు శాఖ వారికి వస్తువు చూపిస్తే, పురావస్తువు కాదని తేలినప్పుడు ధ్రువపత్రం ఇస్తారు. అది చేతిలో ఉన్నాకే పంపండి. పంపేటప్పుడు సెమ్మె మరలు విప్పి, ప్రమిద, కాడ, పీఠం విడివిడిగా చుట్టండి. మరలు వదలకపోతే పట్టకారుతో తిప్పొద్దు, మర దగ్గర కొబ్బరినూనె చుక్క వేసి ఒక రాత్రి ఉంచి, పొద్దున్న వేడినీళ్లు పోసి గుడ్డ పట్టుకుని తిప్పితే వస్తుంది.